ఇంట్లో కలిపే అక్వేరియం ఎరువులు – 4వ పాఠం: ప్యాకెట్ మీది 13 అంటే ఏమిటి

ఈ వారం ఇనుము, సూక్ష్మపోషకాల సీసా కలుపుకుందామని పోయిన పాఠం చివర్లో చెప్పాను. దాన్ని వచ్చే పాఠానికి జరుపుతున్నాను. 3వ పాఠం చదివి అక్వేరియం మొక్కల కోసం నైట్రేట్, ఫాస్ఫేట్ సీసా కలుపుకున్నవాళ్ళు పంపిన ఫొటోలు చూశాక ముందుకు వెళ్ళబుద్ధి కాలేదు. ఒకరి తొట్టిలో చేపలన్నీ పైకొచ్చి, నోళ్ళు తెరుచుకుని గాలి కోసం కొట్టుకుంటున్నాయి. ఇంకొకరి సీసా అడుగున లేత పసుపు ముద్ద పేరుకుంది. మరో నలుగురి లెక్క ఒకే చోట తప్పింది.

ముందు చేపల సంగతి. పొటాషియం నైట్రేట్ కోసం ఎరువుల కొట్టుకు వెళ్ళమన్నాను కదా. ఆ ప్యాకెట్ మీద 13-0-45 అని ఉంటుంది, అవి వరసగా నత్రజని, భాస్వరం, పొటాష్ శాతాలు. అక్కడ 13-0-45 లేకపోతే షాపాయన 19-19-19 చేతిలో పెట్టి, ‘ఇది కూడా నీళ్ళలో కరిగేదే, ఇందులో మూడూ ఉన్నాయి’ అంటాడు. మిరపకో పత్తికో పిచికారీ చేసేవాళ్ళకు ఆ మాట నిజమే. కానీ అందులోని నత్రజనిలో చాలా భాగం యూరియా, అమ్మోనియం రూపంలో ఉంటుంది. యూరియా కూడా తొట్టిలో మెల్లగా అమ్మోనియాగా మారుతుంది. పీహెచ్ 7 దగ్గర ఈ అమ్మోనియాలో నూటికి ఒక పాలు కూడా విషపు రూపంలో ఉండదు. అదే పీహెచ్ 8కి చేరితే ఆ భాగం దాదాపు పదింతలవుతుంది. మన బోరు నీళ్ళు చాలాచోట్ల 8 చుట్టుపక్కలే ఉంటాయి. ఆ ఫొటోలోని తొట్టిలో పడింది ఇదే, అందుకే చేపల మొప్పలు ఎర్రబడి గాలి కోసం కొట్టుకున్నాయి. ఇలా జరిగితే వెంటనే సగం నీళ్ళు మార్చండి, గాలి పంపు పెట్టండి, రెండు రోజులు మేత ఆపేయండి. మనకు కావలసినవి 13-0-45, ఫాస్ఫేట్ కోసం 0-52-34 (మోనో పొటాషియం ఫాస్ఫేట్) మాత్రమే. అవి దొరక్కపోతే ఆగండి. డీఏపీ, యూరియా, మూడు పందొమ్మిదులు తొట్టి దగ్గరికే రాకూడదు. పోయినసారి ఈ మాట గట్టిగా చెప్పి ఉండాల్సింది. అది నా తప్పే.

ముద్ద కట్టిన సీసాలో జరిగింది చిన్న విషయం. సూక్ష్మపోషకాల పొడిని కూడా అదే సీసాలో వేశారు. చిక్కగా ఉన్నప్పుడు ఇనుము, ఫాస్ఫేట్ కలిస్తే కరగని ఉప్పుగా అడుగుకు దిగుతాయి. ఆ సీసా పారబోసి, రెండూ వేరువేరు సీసాల్లో పెట్టుకోండి.

ఇక అసలు లెక్క. నలుగురూ బోల్తా పడింది ఇక్కడే. దీన్ని తీరిగ్గా చూద్దాం, ఎందుకంటే ఇంటర్నెట్‌లో తిరిగే లెక్కల్లో కూడా ఇదే తప్పు కనిపించి నాకు ప్రాణం విసుగెత్తిపోతుంది.

ప్యాకెట్ మీద 13 అని ఉంటే అది నత్రజని శాతం. మనం తొట్టిలో కొలిచేది నైట్రేట్. రెండూ ఒకటి కాదు. నత్రజని పరమాణువు బరువు 14. దానికి 16 చొప్పున మూడు ఆక్సిజన్లు తగులుకుంటే నైట్రేట్, బరువు 62. 62ని 14తో భాగిస్తే 4.43. అంటే ప్యాకెట్ మీది 13ను 4.43తో గుణించాలి. 57.6 వస్తుంది. 100 గ్రాముల పొడిలో నైట్రేట్ 57 గ్రాములకు పైనే ఉందన్నమాట.

ఈ గుణకారం మరిచిపోతే ఏమవుతుందో చూడండి. తొట్టిలో నికరంగా 50 లీటర్ల నీళ్ళున్నాయి, ఒక్కో మోతాదుకు 5 పీపీఎం (అంటే లీటరుకు 5 మిల్లీగ్రాములు) నైట్రేట్ పెరగాలి అనుకుందాం. 250 మిల్లీగ్రాముల నైట్రేట్ కావాలి. సరైన లెక్కలో 250ని 0.576తో భాగించాలి, 434 మిల్లీగ్రాముల పొడి చాలు. మన మిత్రులు 0.13తో భాగించారు. 1.9 గ్రాములు వచ్చింది. వాళ్ళ తొట్టిలో ఒక్కో మోతాదుకు పెరిగింది 5 కాదు, 22 పీపీఎం. వారానికి మూడుసార్లు పోస్తే 66.

టెస్ట్ కిట్‌తోనూ ఇదే చిక్కు. కొన్ని కిట్లు నైట్రేట్‌ను చూపిస్తాయి, కొన్ని అందులోని నత్రజనిని మాత్రమే చూపిస్తాయి. రెండో రకంలో 5 అని వస్తే తొట్టిలో ఉన్నది 22. కిట్ కాగితం మీద చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది, వెతకండి.

అమెరికాలో ఉన్నవాళ్ళు తమ ఊరి తాగునీటి రిపోర్టు పంపి, ‘మా దగ్గర నైట్రేట్ హద్దు 10, ఇండియాలో 45, ఎందుకంత తేడా?’ అని అడిగారు. తేడా ఏమీ లేదు. అక్కడి 10 నత్రజనిగా లెక్కేసినది, ఇక్కడి 45 నైట్రేట్‌గా లెక్కేసినది. 10ని 4.43తో గుణించి చూడండి.

భాస్వరం, పొటాష్ అంకెలకూ ఇలాంటి మెలికే ఉంది. 0-52-34లో 52ను 1.34తో గుణిస్తే ఫాస్ఫేట్ శాతం, 34ను 0.83తో గుణిస్తే పొటాషియం శాతం.

లెక్క ఇష్టం లేనివాళ్ళకు నేను వాడే కొలత ఇదీ: అర లీటరు ఆర్‌ఓ నీళ్ళలో 13-0-45 ఇరవై గ్రాములు, 0-52-34 రెండు గ్రాములు. 50 లీటర్ల నికర నీటికి 10 మిల్లీలీటర్లు పోస్తే నైట్రేట్ దాదాపు 5, ఫాస్ఫేట్ దాదాపు అర పీపీఎం పెరుగుతాయి. తూకానికి నగలు తూచే చిన్న కాటా వాడండి, చెంచా కొలత వద్దు. ఇరవై గ్రాములు వేసి సీసా ఊపేటప్పుడు అరచేతికి చల్లగా తగులుతుంది. పొటాషియం నైట్రేట్ కరిగేటప్పుడు నీటిలోని వేడిని లాక్కుంటుంది. ఆ చల్లదనం అందకపోతే పొడి అదేనా కాదా అని నేను ఒకసారి మళ్ళీ ప్యాకెట్ చూసుకుంటాను. యూరియా కూడా ఇలాగే చల్లబరుస్తుంది కాబట్టి ఒక్క చల్లదనాన్నే నమ్ముకోకండి.

సోమ, బుధ, శుక్ర ఉదయం లైటు వెలగక ముందు పోస్తాను. ఆదివారం సగం నీళ్ళు మారుస్తాను. వారానికి 15 పీపీఎం వేస్తూ సగం నీళ్ళు మారుస్తుంటే, మొక్కలు ఒక్క చుక్క కూడా తినకపోయినా, మనం వేసినది 30 దాటి పేరుకోదు. ఎరువు కొంచెం ఎక్కువగానే వేసి వారం వారం సగం నీళ్ళు మార్చే ఈ పద్ధతిని ప్రచారంలోకి తెచ్చింది అక్వేరియం మొక్కలు పెంచే అమెరికన్ టామ్ బార్, దానికి ప్రాణం ఈ నీళ్ళ మార్పే. అయితే బోరు నీళ్ళలోనే నైట్రేట్ 40 ఉంటే ఈ లెక్క చెల్లదు. అలాంటి ఇళ్ళలో 13-0-45 మానేసి ఫాస్ఫేట్ మాత్రం వేసుకోండి.

మోతాదు పెంచాలా తగ్గించాలా అన్నది ఆకే చెబుతుంది. పాత ఆకులు మొత్తంగా పసుపెక్కితే నత్రజని చాలడం లేదు. హైగ్రోఫిలా మొక్క పాత ఆకుల మీద సూదితో పొడిచినట్టు చిల్లులు పడి, వాటి అంచు గోధుమ రంగుకు తిరిగితే పొటాషియం. అనుబియాస్ మొక్క ఆకుల మీద గోటితో గీకినా రాని ఆకుపచ్చ నాచు చుక్కలు వస్తే ఫాస్ఫేట్ తక్కువై ఉండొచ్చు. కొత్త చిగురు పాలిపోతే ఇనుము, అది వచ్చే పాఠంలో. పాడైన ఆకు మళ్ళీ బాగుపడదు, దాన్ని కత్తిరించేసి కొత్త ఆకులనే చూడండి. ఒకసారికి ఒక్కటే మార్చండి, పావు వంతుకు మించి వద్దు, రెండు వారాలు ఆగండి.

అభ్యాసం. ఈసారిది కొంచెం కష్టమే, అయినా చేయండి. బకెట్‌లో సరిగ్గా 10 లీటర్ల ఆర్‌ఓ నీళ్ళు పట్టి, పై ద్రావణం 10 మిల్లీలీటర్లు కలిపి టెస్ట్ కిట్‌తో చూడండి. నైట్రేట్ 23 దగ్గర రావాలి. 5 దగ్గర వస్తే మీ కిట్ నత్రజనిని చూపిస్తోంది. 100 వస్తే తూకం తప్పింది. ఆ తర్వాత తొట్టి ఖాళీ చేసి, ఇసుక, రాళ్ళు అలాగే ఉంచి, లీటరు మగ్గుతో లెక్కపెడుతూ నింపండి. 60 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 30 ఎత్తు ఉన్న తొట్టి 54 లీటర్లని అందరూ రాస్తారు. అంచు వరకూ నింపం కాబట్టి, అడుగున ఇసుక ఉంటుంది కాబట్టి, పట్టేది ఎప్పుడూ తక్కువే. మీ తొట్టికి వచ్చిన అంకెను సీసా మీద చెరగని స్కెచ్‌తో రాసి, సీసా పిల్లలకు అందని చోట పెట్టండి. నాలుగు వారాలు ప్రతి శనివారం రాత్రి నైట్రేట్ కొలిచి, అదే ఆకును అదే లైటులో ఫొటో తీసి, తేదీ వేసుకోండి. ఇనుము పాఠానికి వచ్చేటప్పుడు ఆ కాగితం మీ దగ్గరుండాలి.