కీమో వాంతులు: మొదలయ్యాక కాదు, ముందే ఆపాలి

వాంతులయితే అప్పుడు మాత్ర వేద్దాంలే అనుకోవద్దు. ఒకసారి మొదలయ్యాక ఆపడం కష్టం, అందుకే కీమో (క్యాన్సర్ మందు) ఎక్కించకముందే వాంతుల మందు ఇచ్చేస్తారు.

మొదట డాక్టర్ని అడగాల్సింది ఒకటే, మాకిచ్చే కీమోకి వాంతులు ఏ మేరకు వస్తాయి అని. ముందుజాగ్రత్త లేకపోతే సిస్‌ప్లాటిన్ అనే కీమో మందుకి 100 మందిలో 90 మందికి పైగా వాంతులవుతాయి, విన్‌క్రిస్టిన్ అనేదానికి 10 మందికి కూడా కావు. వాంతులు బాగా తెప్పించే కీమో అయితే సాధారణంగా నాలుగు రకాల వాంతుల మందులు కలిపి ఇస్తారు: ఒండాన్‌సెట్రాన్ లేదా పాలోనోసెట్రాన్, అప్రెపిటెంట్, డెక్సామెథసోన్, ఒలాంజపిన్. ఈ చివరిది మానసిక జబ్బులకి వాడేది కదా అని భయపడి మానేసేవాళ్లున్నారు. వికారానికి అది బాగా పనిచేస్తుంది, కాకపోతే మత్తుగా ఉంటుంది కాబట్టి రాత్రిపూట ఇస్తారు. బస్సెక్కితే వాంతులయ్యే అలవాటుందా, కడుపుతో ఉన్నప్పుడు వేవిళ్లు ఎక్కువయ్యాయా, ఇవి కూడా చెప్పండి, అలాంటివాళ్లకి ముప్పు ఎక్కువ.

మా అమ్మకి కీమో ఇచ్చినప్పుడు మేం దెబ్బతిన్నది ఇంటికొచ్చాకే. మొదటి సైకిల్ (అంటే మొదటి విడత కీమో) అయిన మర్నాడు అమ్మ బాగానే ఉంది, భోజనం కూడా చేసింది, ఇంకెందుకులే అని మాత్రలు ఆపేశాం. మూడో రోజు తెల్లవారుజామున మొదలై మధ్యాహ్నం దాకా నీళ్లు కూడా ఆగలేదు. కొన్ని కీమో మందులకి 24 గంటలు దాటాకే అసలు వికారం వస్తుందని, 2, 3 రోజుల్లో ఎక్కువై 5 రోజుల దాకా ఉండొచ్చని అప్పటికి మాకు తెలీదు. రెండో సైకిల్‌కి ఏ మాత్ర ఎన్నింటికో కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించి, వేసిన ప్రతిదానికీ టిక్ పెట్టాం. బాగున్నా సరే, చీటీలో రాసినన్ని రోజులూ వేయాల్సిందే.

పైగా మొదటిసారి బాగా వాంతులయితే తర్వాత వార్డు వాసన తగిలినా, సూది గుచ్చకముందే కడుపులో తిప్పుతుంది. అలా ఉంటే దాచుకోకుండా చెప్పండి, టెన్షన్ తగ్గించే మాత్ర ముందురోజు రాత్రే ఇవ్వొచ్చు.

తిండి సంగతి మరీ పెద్దదేం కాదు. కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు, చల్లారాక పెట్టండి, వేడి మీద వాసన ఎక్కువ. వంట చేసేటప్పుడు మనిషిని దూరంగా కూర్చోబెట్టండి. కీమో రోజున బాగా ఇష్టమైనవి మాత్రం పెట్టొద్దు, వాంతయితే ఆ వంటకం మీదే జీవితాంతం విరక్తి పుట్టొచ్చు.

ఒండాన్‌సెట్రాన్‌తో మలబద్ధకం వస్తుంది, దానివల్ల మళ్లీ వికారం! డెక్సామెథసోన్ నిద్ర చెడగొడుతుంది, షుగర్ పెంచుతుంది, అందుకని పొద్దున వేయడమే మేలు. షుగర్ ఉన్నవాళ్లు డాక్టర్‌కి ముందే చెప్పాలి.

మాత్ర మింగిన కాసేపటికే వాంతయితే సొంతంగా ఇంకోటి వేయకుండా ఫోన్ చేసి అడగండి. నీళ్లు కూడా కడుపులో నిలవకపోయినా, మూత్రం తగ్గి ముదురు రంగులో వస్తున్నా, లేస్తే కళ్లు తిరుగుతున్నా, వాంతిలో రక్తం కనిపించినా ఆసుపత్రికి వెళ్లండి. జ్వరం 100.4 డిగ్రీల ఫారన్‌హీట్‌కి చేరితే, వాంతులు ఉన్నా లేకపోయినా, తెల్లారేదాకా ఆగొద్దు.