కొత్త ప్యాడ్లు వేశాక బ్రేకు కీచుమంటుంటే

ఇంట్లోనే బ్రేక్ ప్యాడ్లు మార్చుకునేవాళ్లకి నేను మొదట చెప్పేది ఒకటే. విప్పిన పాత ప్యాడ్లు పారేయకండి. ఏది కుడి చక్రానిది, ఏది ఎడమది, ఏది లోపలివైపుది, ఏది బయటివైపుది అని వెనక రేకు మీద రాసి సంచిలో వేసి ఉంచండి. ఎందుకో కింద చెప్తా. ఆ పని చేసినందుకే నాకో క్యాలిపర్ (ప్యాడ్లని డిస్కుకి నొక్కి పట్టే భాగం) ఖర్చు మిగిలింది.

మాది సింగరాయకొండ వైపు. కారు రోజూ రొయ్యల గుంటల కట్టల మీద తిరగాల్సిందే. ఉప్పుగాలి, బురద, దుమ్ము మూడూ తగులుతాయి కాబట్టి బ్రేకుల జబ్బులు ఇక్కడ కాస్త ముందే బయటపడతాయి.

నొక్కినప్పుడు సన్నగా కీచుమంటోంది

వేసి వారం కూడా కాకపోతే ప్యాడ్లు డిస్కుకి (చక్రంతోపాటు తిరిగే ఇనుప పళ్లేనికి) ఇంకా కుదురుకోలేదేమో చూడండి. తెల్లారుజామున ఖాళీ రోడ్డు మీద 60 వేగం నుంచి 20 దాకా నింపాదిగా తగ్గించడం, మళ్లీ పెంచడం, ఇలా 8 నుంచి 10 సార్లు చెయ్యండి. మధ్యలో బండి పూర్తిగా ఆపొద్దు. వేడెక్కిన ప్యాడ్ ఒకేచోట నొక్కుకుని ఉంటే డిస్కు మీద మచ్చ పడుతుంది. అయ్యాక ఓ 10 నిమిషాలు బ్రేకు జోలికి పోకుండా నడిపి చల్లారనివ్వండి. ఈ పని హైవే మీద మాత్రం పెట్టుకోకండి. వెనక చీమకుర్తి రాళ్లు వేసుకొచ్చే లారీ ఉంటే మీరు తగ్గించినంత తేలిగ్గా అది తగ్గదు.

అప్పటికీ పోకపోతే ప్యాడ్ అదురుతోందని అర్థం. వెనక ఉండే పల్చటి రేకు (షిమ్) పాత ప్యాడ్‌తోపాటే పోయిందా? ప్యాడ్ చెవులు (రెండు చివర్లా పొడుచుకొచ్చిన ముక్కలు) కూర్చునే చోట తుప్పు గీకకుండానే బిగించారా? వైరు బ్రష్షుతో గీకి, చెవులకీ వెనక రేకుకీ బ్రేక్ గ్రీజు పల్చగా రాయండి. రాపిడి ముఖానికి చుక్క కూడా తగలకూడదు. గ్రీజో బ్రేక్ ఆయిలో పీల్చుకున్న ప్యాడ్ కడిగినా బాగుపడదు, మార్చాల్సిందే. అదీ రెండు వైపులా ఒకేసారి.

నొక్కకుండానే కీచుమంటూ, నొక్కితే ఆగుతోందా? చాలా ప్యాడ్లకి అరుగుదల తెలిపే చిన్న ఇనుప నాలుక ఒకటి ఉంటుంది. అది వంగి డిస్కుకి తగులుతోంది, లేదా ప్యాడ్ తారుమారుగా వేశారు.

ఎప్పుడూ గర్రుమంటూ రాసుకుంటోంది

భయపడకండి. డిస్కు వెనక దుమ్ము అడ్డం రేకు మీ చెయ్యి తగిలి వంగి ఉంటుంది. లేదంటే మధ్యలో కంకరరాయి ఇరుక్కుంది. చక్రం విప్పి రేకుని వెనక్కి వంచితే సరి. వానాకాలం, అంటే మనకి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, రాత్రంతా తడిసిన కారు పొద్దున్నే గరగరమంటుంది. అది డిస్కు మీద పైపై తుప్పు. నాలుగుసార్లు బ్రేకు పట్టేసరికి పోతుంది.

గతుకుల్లో టకటకమంటే ప్యాడ్ క్లిప్పులు చూడండి. కొత్తవి పెట్టెలో ఉన్నా పాతవే వదిలేసేవాళ్లు ఎక్కువ.

ఒక ప్యాడ్ అరిగిపోయింది, ఇంకోటి కొత్తగానే ఉంది

అసలు జబ్బు ఇదే. నేను ప్యాడ్లు వేసిన ఆరు నెలలకి ఎడమ చక్రం లోపలి ప్యాడ్ ఇనుము దాకా వచ్చేసింది. బయటిది సగం పైనే ఉంది. డూప్లికేటు సరుకు అంటగట్టారని షాపతన్ని తిట్టుకున్నా. సంచిలో పాతవి తీసి పక్కన పెట్టి చూస్తే, అప్పుడూ అదే ఎడమ, అదే లోపలిది ఎక్కువ అరిగి ఉంది! తప్పు సరుకుది కాదు, నాది. క్యాలిపర్ జారే పిన్నులు బయటికి లాగి చూడకుండానే బిగించేశా.

క్యాలిపర్ ఆ పిన్నుల మీద అటూఇటూ జారాలి. బ్రేక్ ఆయిల్ తోపుకి క్యాలిపర్‌లోని పిస్టన్ లోపలివైపు ప్యాడ్‌ని నెడితే, ఆ ఎదురుతోపుకి క్యాలిపర్ జరిగి బయటి ప్యాడ్‌ని లాక్కొస్తుంది. పిన్ను పట్టేస్తే పనంతా లోపలి ప్యాడ్ మీదే పడుతుంది. లోపలిది కాస్త ఎక్కువ అరగడం మామూలే, సగానికి సగం తేడా ఉంటేనే జబ్బు. బయటిదే ఎక్కువ అరిగితే, బ్రేకు వదిలాక క్యాలిపర్ వెనక్కి జారడం లేదని. ప్యాడ్ ఏటవాలుగా అరిగితే రెండు పిన్నుల్లో ఒకటే పట్టేసిందని.

పిన్ను లాగి పాత గ్రీజు గుడ్డతో తుడిచి, సిలికాన్ బ్రేక్ గ్రీజు పెట్టండి. బేరింగులకి వాడే పసుపు గ్రీజు వద్దు. దానికి రబ్బరు ఉబ్బి మళ్లీ పట్టేస్తుంది. చాలా కార్లలో పై పిన్నూ కింది పిన్నూ ఒకటి కావు, ఒకదానికి రబ్బరు తొడుగు ఉంటుంది. తారుమారు చేస్తే మొదటికే వస్తుంది. పిన్ను మీది రబ్బరు బూటు చిరిగి ఉంటే అదీ మార్చండి, ఉప్పునీళ్లు దూరేది అక్కడే.

రెండు ప్యాడ్లూ సమానంగా అరిగాయి కానీ ఆ ఒక్క చక్రమే కాగుతోంది అంటే అనుమానం పిస్టన్ మీదకో బ్రేక్ గొట్టం మీదకో పోవాలి. చక్రం ఎత్తి, బిగుసుకుని ఉండగా క్యాలిపర్ మీద గాలి తీసే స్క్రూ కొంచెం వదలండి. చక్రం వదులైతే ఆయిల్ వెనక్కి పోవడం లేదు, గొట్టం లోపల మూసుకుపోయి ఉండొచ్చు. అలాగే బిగుసుకుని ఉంటే పిస్టనో పిన్నో పట్టేసింది. స్క్రూ బిగించాక బ్రేక్ ఆయిల్‌లో ఎయిర్ తీయించండి. నా సంగతైతే పిన్నుల దగ్గరే తేలింది, మూడు వేలు పెట్టి క్యాలిపర్ కొనబోయినవాణ్ణి గ్రీజు డబ్బాతో బయటపడ్డా.

క్యాలిపర్‌ని గొట్టానికి వేలాడదీసే అలవాటు ఉంటే మానుకోండి. బైండింగ్ వైరు ముక్కతో స్ప్రింగుకి కట్టండి.

పెడల్ అదురుతోంది

డిస్కు విప్పి కొత్తది వేశారా? హబ్ (డిస్కు కూర్చునే చోటు) మీద తుప్పు గీకకపోతే డిస్కు వెంట్రుకవాసి పక్కకి కూర్చుంటుంది. మొదట్లో తెలీదు, తిరిగేకొద్దీ డిస్కు మందం తేడాలొచ్చి కాలికి తెలుస్తుంది. పాత డిస్కయితే అంచున కనీస మందం అచ్చు కొట్టి ఉంటుంది. అంతకన్నా తగ్గితే లేత్ షాపుకి తీసుకెళ్లడం దండగ, మార్చేయండి.

ఏ పని చేసినా, కారు కదిల్చేముందు పెడల్ గట్టిపడేదాకా పది పదిహేనుసార్లు తొక్కండి. ప్యాడ్లు వేసేటప్పుడు వెనక్కి నెట్టిన పిస్టన్ ముందుకొచ్చేదాకా బ్రేకు ఉండదు. గేటు దగ్గరే ఉన్న మా గోడ మీది గీత నాకు ఆ సంగతి నేర్పింది.