లాయరు ఆఫీసులో కాంటాక్టుల సాఫ్ట్‌వేర్ ఎలా వాడాలి?

చెన్నైలో హైకోర్టు ఎదురుగా ప్యారీస్ వీధుల్లోని చాలా ఛాంబర్లలో కక్షిదారుల నంబర్లు గుమస్తాగారి ఫోన్‌లోనే ఉంటాయి. ఆయన సెలవు పెడితే ఆఫీసంతా టెన్షనే.

ముందుగా ఆ ఫోను, డైరీలు, విజిటింగ్ కార్డులు ముందేసుకుని అన్నీ ఒక ఎక్సెల్ షీట్‌లోకి ఎక్కించండి. ఒకే మనిషి రెండుసార్లు వస్తే అక్కడే కలిపేయండి. సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్ళాక ఆ పని తలనొప్పి.

తర్వాత పేర్లు. మనవాళ్ళతో అసలు తంటా ఇక్కడే. నెల్లూరు నుంచి వచ్చిన పెద్దాయన పేరు ముందు ఇంటిపేరు పొడి అక్షరం ఉంటుంది. చెన్నైలోనే పుట్టి పెరిగిన ఆయన తమ్ముడి కొడుక్కి తండ్రి పేరు అక్షరం ఉండొచ్చు. ఇక శ్రీనివాసులు అన్న పేరు ఇంగ్లిషులో ఒక్కో దస్తావేజులో ఒక్కోలా కనబడుతుంది. అందుకే ఆధార్‌లోని స్పెల్లింగును అసలు పేరుగా పెట్టి, మిగతావన్నీ ‘ఇతర పేర్లు’ గడిలో రాయండి. తండ్రి పేరుకీ ఊరికీ వేరే గడులుండాలి.

ఎదుటి పార్టీలను కూడా తప్పక ఎక్కించండి. ఒక పక్షానికి సలహా ఇచ్చిన వ్యవహారంలో ఎదుటి పక్షం తరఫున వాదించకూడదని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాల్లో 33వది చెబుతుంది. అందువల్ల సలహా అడిగి, వకాలత్ ఇవ్వకుండా వెళ్ళిపోయినవాళ్ళ పేర్లూ ఉండాల్సిందే. కొత్తవాళ్ళు వస్తే కథంతా వినకముందే రెండు పక్షాల పేర్లూ వెతకండి.

ఇప్పుడు పేరుకు కేసును జోడించాలి. కోర్టు కేసుల వివరాలు చూపే ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్‌లో ఒక్కో కేసుకు విడిగా ఉండే సీఎన్‌ఆర్ నంబరు (అక్షరాలు, అంకెలు కలిపి 16) వేస్తే గందరగోళం ఉండదు. వాది, ప్రతివాది, సాక్షి అన్న ముద్ర మనిషికి కాకుండా కేసుకు తగిలించండి. ఈ కేసులో మన కక్షిదారు ఇంకో కేసులో సాక్షి కావచ్చు.

చాలా సాఫ్ట్‌వేర్లలో అందరికీ ఒకేసారి మెసేజ్‌లు పంపే సదుపాయం ఉంటుంది. వాయిదా గుర్తుచేయడానికి బాగానే పనికొస్తుంది. దాంతో కొత్త కేసుల కోసం ప్రచారం మాత్రం చేయొద్దు, 36వ నియమం ఒప్పుకోదు.

చివరగా లాగిన్లు. భారతీయ సాక్ష్య అధినియమం 132వ సెక్షన్ ప్రకారం గోప్యత బాధ్యత గుమస్తాలకూ ఉంది. అలాగని అన్నీ అందరికీ కనబడనక్కర్లేదు. నంబర్లు, వాయిదాలు అందరికీ తెరవండి. కక్షిదారు చెప్పిన సంగతుల నోట్సు సీనియర్‌కూ, ఆ కేసు చూసే జూనియర్‌కూ చాలు. ఎవరైనా ఉద్యోగం మానేస్తే ఆ రోజే లాగిన్ తీసేయండి.