వార్త చదివే విద్య – 4వ పాఠం: ‘తెలిసింది’ ఎప్పుడు ‘తెలిసిందే’ అయింది?

గత పాఠం చివర ఇచ్చిన అభ్యాసం మీలో చాలామందిని బోల్తా కొట్టించింది. తప్పు నాదే. వారం పాటు పదేపదే వినిపించిన ఒక వార్తను ఎంచుకుని, దాన్ని నమ్మవచ్చో లేదో కారణాలతో రాయమన్నాను. ఎలా తేల్చుకోవాలో మాత్రం సరిగా చెప్పలేదు. వచ్చిన జవాబులు ముందేసుకుని కూర్చుంటే రెండు కుప్పలయ్యాయి.

మొదటి కుప్ప ఇలా అంటోంది: “ఈ వార్త 14 చోట్ల వచ్చింది, కాబట్టి నిజమే.” రెండో కుప్పది ఇంకో వాదన: “ఈ వార్త 14 చోట్లా అక్షరం పొల్లుపోకుండా ఒకేలా వచ్చింది. అంటే అందరూ కూడబలుక్కున్నారు. కాబట్టి అబద్ధమే.” అదే 14ను పట్టుకుని ఒకరు ఉత్తరానికి, ఒకరు దక్షిణానికి వెళ్లారు. పైగా రెండో కుప్పవారు నాకు కృతజ్ఞతలు కూడా చెప్పారు, కళ్లు తెరిపించానట. నేను తెరిపించిన కళ్లు అవి కావు. శీర్షికల మీద ఈసారి చెబుతానన్న పాఠం పక్కన పెడుతున్నాను. ముందు ఈ 14 సంగతి తేలాలి.

వార్తకూ వ్యాఖ్యకూ తేడా, ప్రకటనను వార్త వేషంలో అచ్చువేయడం వంటివి మీకు తెలిసినవే. వాటిని మళ్లీ ఎత్తుకోను.

ఒకేలా ఎందుకుంటాయి

మేకను భుజాన వేసుకుని వెళ్తున్న బ్రాహ్మణుడికి ముగ్గురు దొంగలు ఒకరి తర్వాత ఒకరు ఎదురై, ‘కుక్కను మోస్తున్నావేమిటయ్యా’ అని అడిగిన కథ మనందరం చిన్నప్పుడు విన్నదే. రెండో కుప్పవారి మనసులో తిరుగుతున్నది ఆ కథే. అందులో దొంగలు ముందుగా మాట్లాడుకున్నారు. వార్తల్లో అంత శ్రమ అక్కర్లేదు. మొదటివాడు కుక్క అంటే చాలు. రెండోవాడు మేక వంక చూడకుండా మొదటివాడి మాట రాసుకుంటాడు, మూడోవాడు రెండోవాడిది చూసి రాసుకుంటాడు. ముగ్గురూ నిజాయతీపరులే కావచ్చు. గడువులోగా పేజీ పంపి ఇంటికి వెళ్లాలనుకునే ఉద్యోగులు, అంతే.

వచ్చిన వార్తలను దిద్ది పేజీకి ఎక్కించే పత్రిక డెస్కులో పనిచేసినన్నాళ్లూ నేను చేసిన పని అదే. లోకంలో జరిగే ప్రతిదాన్నీ చూడడానికి ప్రతి పత్రికకూ ప్రతిచోటా విలేకరి ఉండడు. వార్తా సంస్థలు పుట్టింది అందుకే. 1846లో న్యూయార్క్ పత్రికలు కొన్ని కలిసి, వార్తలు తెప్పించుకునే ఖర్చు పంచుకోవడానికి మొదలుపెట్టినదే అసోసియేటెడ్ ప్రెస్. 1851లో లండన్‌లో రాయిటర్స్ వచ్చింది. ఇలాంటి ఏజెన్సీకి చందా కట్టిన వారందరికీ ఒకే కాపీ వెళ్తుంది. డెస్కులో కూర్చున్నవాడు లీడ్ (మొదటి పేరా) కాస్త మారుస్తాడు, చివరి రెండు పేరాలు కోస్తాడు, హెడ్డింగు పెడతాడు. పని ఎక్కువగా ఉన్న రాత్రి ఆ పాటి కూడా చేయడు. నేను పనిచేసిన ఒక పత్రికలో ఏజెన్సీ పేరు తీసేసి ‘మా ప్రతినిధి’ అని పెట్టమనేవారు. ఆ ప్రతినిధి ఏ రోజూ ఆఫీసు గడప దాటలేదు. ఎందుకంటే ఆ ప్రతినిధిని నేనే.

కాబట్టి ఒకే వాక్యం పలుచోట్ల కనబడితే మీ మొదటి అనుమానం ఏజెన్సీ కాపీ మీదకు పోవాలి. రెండోది ప్రెస్ నోట్ మీదకు, అంటే కంపెనీలో ప్రభుత్వమో తామే రాసి పత్రికలకు పంపే ప్రకటన మీదకు. ఈ రెండో సందర్భంలో గట్టిగానే అనుమానించాలి, ఎందుకంటే ఆ వాక్యాన్ని రాసింది లాభపడేవారే. ఈ రెండూ కాదని తేలాక కుట్ర గురించి ఆలోచిద్దురు గాని.

ఇంతగా ఎందుకు సాగదీస్తున్నానంటే, కుట్ర అనేసినవాడు అక్కడితో వెతకడం మానేస్తాడు. నిజమే అనేసినవాడూ మానేస్తాడు. ఆ వాక్యం మొట్టమొదట ఎవరి నోట వచ్చిందో చూడడమన్నది రెండు కుప్పల్లో ఒక్కరూ చేయని పని. పెద్ద పత్రికలు ఏది రాసినా దానికి ఎదురుగా ఉన్నదే నిజమని తీర్మానించుకున్న ఒక పాఠకుడు నాలుగు పేజీల జవాబు పంపారు. అయ్యా, అలాగైతే రోజూ ఉదయం మీరేం నమ్మాలో ఇప్పటికీ ఆ పత్రికలే నిర్ణయిస్తున్నాయి కదా! మీ నాలుగు పేజీల్లో ఎవరో ఫోనుకు పంపిన ఒక సందేశాన్ని రుజువుగా చూపారు. దాన్ని మొదట రాసింది ఎవరని మీరు అడగలేదు.

14 గొంతులు, మాట పుట్టిన ఊట ఒకటి. మీ నోటు పుస్తకంలో 1 అని వేసుకోండి.

నీళ్లలో రంగు

ఊటను పట్టుకోవడానికి నా సొంత అడ్డదారి ఒకటుంది. ఏ పాఠ్యపుస్తకంలోనూ చదివింది కాదు, సిగ్గుపడి నేర్చుకున్నది. ఒక రాత్రి ఏజెన్సీ కాపీలో ఉన్న ‘3 మిలియన్ల’ను నేను 3 కోట్లుగా తర్జుమా చేశాను. 30 లక్షలని రాయాల్సింది. మర్నాడు చీవాట్లు తిన్నాను. ఆ తర్వాతి రోజు వేరే పత్రిక తిరగేస్తుంటే అదే వార్తలో నా 3 కోట్లు కనబడ్డాయి, కింద ‘ప్రత్యేక ప్రతినిధి’ అని పేరు పెట్టి మరీ. నిజాన్ని ఎవరైనా విడిగా కనుక్కోవచ్చు. నా తప్పును మాత్రం నా దగ్గరి నుంచే తీసుకోవాలి. అప్పటి నుంచి రెండుచోట్ల ఒకే అంకె తప్పో, ఒకే పేరు తప్పో కనబడితే, వాటి మధ్య కాలువ ఉందని గుర్తు పెట్టుకుంటాను.

2009 ఫిబ్రవరిలో జర్మనీలో కార్ల్ థియోడోర్ జు గుట్టెన్‌బర్గ్ ఆర్థిక వ్యవహారాల మంత్రి అయ్యారు. ఆయనది జమీందారీ వంశం, అసలు పేరు చాంతాడంత. ఆ వరుసలో లేని ‘విల్‌హెల్మ్’ను ఎవరో అజ్ఞాత వ్యక్తి వికీపీడియాలో ఇరికించాడు. పత్రికలు చూసి రాసుకున్నాయి. బిల్డ్ పత్రిక మొదటి పేజీలోనే వేసింది. ఆ పేరు నిజమేనా అని వికీపీడియాలో ఎవరో అడిగితే, రుజువుగా స్పీగెల్ ఆన్‌లైన్ అనే వార్తా వెబ్‌సైట్ కథనాన్ని చూపించారు. ఆ కథనంలోకి విల్‌హెల్మ్ వచ్చింది ఎక్కడి నుంచో మీకు అర్థమయ్యే ఉంటుంది.

1983లో జర్మనీకే చెందిన స్టెర్న్ పత్రిక హిట్లర్ డైరీలు దొరికాయని ప్రకటించినప్పుడు మోసం ఇంకా ముచ్చటగా జరిగింది. చేతిరాత నిపుణులు పోల్చి చూసి సరిపోయిందన్నారు. పోల్చడానికి వారికిచ్చిన నమూనాల్లో కొన్నింటిని రాసిన చెయ్యి కూడా డైరీలు రాసిన ఫోర్జరీకారుడు కొన్రాడ్ కుయావ్‌దే. సరిపోక ఏం చేస్తుంది! ప్రకటించి రెండు వారాలు తిరిగేసరికి పశ్చిమ జర్మనీ ప్రభుత్వ దస్తావేజు భాండాగారం అవి నకిలీవని తేల్చింది.

ఒక్క ఏత్వం

ఇప్పుడు అసలు పాఠం. ఈ కింది ముక్క నేను కల్పించినది, కానీ ఇలాంటివి మీరు రోజూ చదువుతారు.

“ఫలానా కంపెనీ 2,000 మంది ఉద్యోగులను తొలగించనున్నట్లు తెలిసింది. ఈ మేరకు ఉన్నత స్థాయిలో చర్చలు పూర్తయినట్లు విశ్వసనీయ వర్గాల భోగట్టా. ఈ నిర్ణయంపై సిబ్బందిలో తీవ్ర ఆందోళన వ్యక్తమవుతోంది.”

తెలిసింది. ఎవరికి? వ్యక్తమవుతోంది. ఎవరు వ్యక్తం చేస్తే? మూడు వాక్యాల్లో ఒక్క మనిషీ లేడు. తెలుగు క్రియకు ఈ సౌకర్యం ఉంది, కర్తను ఇంట్లో వదిలేసి తాను ఒక్కతే బజారుకు వెళ్లగలదు. డెస్కులో మేం దీన్ని బాగా వాడుకునేవాళ్లం. ఇంకొకటి గమనించారా? మొదటి వాక్యంలో ‘తొలగించనున్నట్లు’ అని గాలిలో ఉన్నది, మూడో వాక్యానికి వచ్చేసరికి ‘ఈ నిర్ణయం’ అయి పీట వేసుకుని కూర్చుంది. నిర్ణయం జరిగిందని మధ్యలో ఎవరూ చెప్పలేదు.

ఇది సోమవారం. మంగళవారం ఇంకో పత్రిక ‘ఉద్యోగుల తొలగింపు వార్తల నేపథ్యంలో’ అని మొదలుపెడుతుంది. బుధవారం టీవీలో నలుగురిని కూర్చోబెట్టి ‘తొలగింపు న్యాయమేనా’ అని చర్చ పెడతారు (ఆ చర్చలు నేను చూడను, మీరూ చూడకపోతే ఈ కోర్సు సగం పూర్తయినట్లే). గురువారం మరోచోట ఈ వాక్యం వస్తుంది: “2,000 మందిని తొలగించనున్న విషయం తెలిసిందే.”

చివర ఒక్క ఏత్వం చేరింది. సోమవారం నుంచి గురువారం దాకా కొత్తగా ఒక్క కాగితం దొరకలేదు, ఒక్క మనిషి పేరు పెట్టి మాట్లాడలేదు. అయినా ‘తెలిసింది’ కాస్తా ‘తెలిసిందే’ అయింది. ఇక ఆ పైన అడిగినవాడే అమాయకుడిలా కనిపిస్తాడు. ‘విదితమే’ అన్నది దీనికే పట్టుబట్ట కట్టిన రూపం.

ఈ ఏత్వం కంపెనీ వార్తలతో ఆగితే బాగుండేది. 2002 సెప్టెంబరు 8, ఆదివారం నాడు న్యూయార్క్ టైమ్స్ మొదటి పేజీలో ఒక కథనం వచ్చింది. ఇరాక్ ప్రత్యేకమైన అల్యూమినియం గొట్టాలు కొనజూస్తోందని, అవి అణుబాంబుకు కావలసిన యురేనియం శుద్ధి కోసమేనని అమెరికా అధికారులు నమ్ముతున్నారని దాని సారాంశం. చెప్పిన అధికారుల పేర్లు లేవు. అదే రోజు ఉదయం ఉపాధ్యక్షుడు డిక్ చెనీ టీవీలో కూర్చుని, గొట్టాల గురించి చెబుతూ ఆ పత్రిక కథనాన్నే ప్రస్తావించారు. ప్రభుత్వంలో పుట్టిన మాట పత్రికలోకి వెళ్లి, పత్రిక నుంచి తిరిగి ప్రభుత్వం నోటికి వచ్చింది. ఇంట్లో కూర్చుని చూసేవారికి మాత్రం ఇద్దరు సాక్షులు. ఆ గొట్టాలు మామూలు రాకెట్లకు పనికివచ్చేవని అమెరికా ఇంధన శాఖ నిపుణులే అభిప్రాయపడ్డ సంగతి అంత గట్టిగా వినిపించలేదు. 2003 మార్చిలో ఇరాక్ మీద యుద్ధం మొదలైంది. ఉన్నాయని చెప్పిన ఆయుధాలు దొరకలేదు. 2004 మే 26న ఆ పత్రిక తన కథనాల్లో కొన్నింటిని తగినంత కఠినంగా పరిశీలించలేదని ఒప్పుకుంది, లోపలి పేజీలో.

రెండో కుప్పవారు ఇది చదివి చేతులు రుద్దుకుంటున్నారని నాకు తెలుసు. కాస్త ఆగండి. అవే నెలల్లో నైట్ రిడర్ సంస్థ విలేకరులు జొనాథన్ లాండే, వారెన్ స్ట్రోబెల్ ప్రభుత్వ వాదన మీద సందేహాలు రాస్తూనే ఉన్నారు. వారూ విలేకరులే, ఆ సంస్థా పెద్ద పత్రికల సంస్థే. తేడా ఒక్కటే. వారు మంత్రుల చుట్టూ తిరగకుండా, నివేదికలు చదివి తయారుచేసే దిగువ స్థాయి అధికారులను అడిగారు. అందరూ ఒకే ఊట దగ్గర నీళ్లు పట్టుకుంటుంటే వారు ఇంకో చోట తవ్వారు. కాబట్టి ‘మీడియా అంతా’ అని మొదలయ్యే వాక్యం ఇక నుంచి నాకు పంపకండి.

ఖండనకూ అదే పరీక్ష. పాలకూరలో ఇనుము చాలా ఎక్కువన్న నమ్మకం, 19వ శతాబ్దంలో ఒక శాస్త్రవేత్త దశాంశ బిందువును తప్పుచోట పెట్టడం వల్ల పుట్టిందని మీలో ముగ్గురు రాశారు. వినడానికి ఎంత బాగుందో! 1981లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక వ్యాసం ఆ కథ చెప్పాక అది లోకమంతా తిరిగింది. 2010లో మైక్ సటన్ అనే నేరశాస్త్ర అధ్యాపకుడు పాత కాగితాలన్నీ తవ్వి చూస్తే, ఆ బిందువు తప్పు జరిగిందనడానికి ఆధారమే దొరకలేదు. అపోహను బద్దలుకొట్టే కథే అపోహగా తేలింది. ఆ ముగ్గురూ రెండో కుప్పవారే.

అభ్యాసం

ఈసారి సులువుగా ఉండదు. ఒక వార్తను 14 రోజులు వెంటాడండి. కనీసం 12 కత్తిరింపులు ఉండాలి, వెబ్‌సైట్లయితే తేదీ, సమయం కనబడేలా దాచుకోండి. ప్రతి కత్తిరింపుకూ నాలుగు గడులు నింపండి: తేదీ, సంస్థ, సమాచారం మోసిన క్రియ (తెలిసింది, సమాచారం, భోగట్టా, ప్రచారం సాగుతోంది), పేరుతో మాట్లాడిన మనిషి. నాలుగో గడి ఖాళీగా ఉంటే ఖాళీగానే వదిలేయండి, ‘అధికారులు’ అని పూరించకండి. చివరకు రెండు సంగతులు రాయండి: మొత్తం ఊటలు ఎన్ని, ఏ తేదీన ఎవరి చేతుల మీదుగా ‘తెలిసిందే’ అయింది. నేనైతే ఒకరోజు ఆలస్యంగా, చివరి పేరా నుంచి పైకి చదువుతాను. కోయడానికి వీలుగా డెస్కు కిందికి నెట్టేసిన ‘అయితే’లు, ‘కానీ’లు అక్కడే దొరుకుతాయి. మీకు ఎలా వీలైతే అలా చేయండి.

ఇంకో షరతు. ఆ వార్త మీకు నచ్చినది, నిజమైతే బాగుండునని మీరు కోరుకుంటున్నది అయి ఉండాలి. నచ్చనిదాన్ని ఎంచుకుని చీల్చి చెండాడిన జవాబులను చదవకుండానే తిప్పి పంపుతాను. గడులు నింపడానికి పెన్సిలే వాడండి, రెండో గడిలో ఎలాగూ చెరిపి రాయాల్సి వస్తుంది.