బ్రాడ్‌కాస్టింగ్ అంటే ముందు వడ్లు అలుకుడే

ఇంగ్లిషులో ఈ మాట పొలంలో పుట్టింది. చేతినిండా గింజలు తీసి విశాలంగా విసరడం దాని అసలు అర్థం. 1920లలో రేడియో దాన్ని అరువు తెచ్చుకుంది. మనకు రెండు మాటలున్నాయి: రేడియోకు ప్రసారం, మడికి వెదజల్లడం, మనవైపు అలుకుడు. ఎరువుల కరపత్రంలో బ్రాడ్‌కాస్టింగ్ అని ఉంటే చల్లమనే.

సాగర్ ఎడమ కాలువ కింద, మూసీ కింద నాటు కూలీలు దొరకనప్పుడు పనికొచ్చేది ఇదే. సన్న రకాలు ఎకరాకు 15–20 కిలోలు. కిలోకు లీటరు నీళ్లు, గ్రాము కార్బెండజిమ్ (బూజు తెగుళ్ల మందు) కలిపి 24 గంటలు నానబెట్టి, గోనెసంచిలో 24 గంటలు మండె కట్టాలి, అంటే మూటగట్టి మొలకెత్తనివ్వాలి. యాసంగి చలిలో ఇంకో పూట, ఒక్కోసారి రోజు పడుతుంది. తెల్లగా ముక్కు పగిలితే చాలు. మొలక పొడుగైతే గింజలు ఒకదానికొకటి చిక్కుకుని గుప్పిట్లోంచి ముద్దలుగా పడతాయి, మొలకలు విరుగుతాయి.

అసలు పని కరిగెట (దున్నిన బురద మడి) చదును చేయడంలోనే ఉంది. గుంటలో నీళ్లు నిలిస్తే మొలక కుళ్లుతుంది, మెరకలో ఎండిపోయి గడ్డి లేస్తుంది. జంబు కొట్టి (పలకతో చదును చేసి) ఒక రోజు బురద పేరుకోనివ్వాలి. వెంటనే చల్లితే గింజ లోతుకు దిగిపోతుంది. ప్రతి 2 మీటర్లకు జానెడు కాలువ తీస్తే మురుగు పోతుంది, నడవడానికి దారీ ఉంటుంది.

విత్తనాన్ని రెండు సగాలు చేయాలి. ఒక సగం మడి పొడుగున, రెండోది అడ్డంగా. ఒకేసారి మొత్తం చల్లితే చివరి గట్టుకు వచ్చేసరికి గంప ఖాళీ! జానెడు చదరంలో 15 గింజలు అటూఇటూగా పడితే సరిపోయినట్టు. మబ్బు పట్టిన రోజు చల్లొద్దు. పెద్దవాన గింజల్ని ఒక మూలకు తోస్తుంది.

మొదటి వారం మడి తడిగా ఉండాలి, నీళ్లు నిలవకూడదు. పిట్టలకు కాపలా తప్పదు.

చల్లిన 3–5 రోజుల్లో సేఫ్‌నర్ (వరి మొలకను కాపాడేది) కలిసిన ప్రిటిలాక్లోర్ అనే కలుపు మందు ఎకరాకు 600–800 మి.లీ. కొట్టాలి. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే: సేఫ్‌నర్ లేనిది నాటుమడి మందు, వరి మొలకనూ చంపుతుంది. దుకాణంలో ఏది ఇచ్చినా డబ్బా మీద ఆ మాట చదివాకే డబ్బులివ్వండి. 15–20 రోజులకు ఒత్తుగా ఉన్నచోట మొక్కలు పీకి పలచనచోట నాటుకోవాలి.