ఊపిరితిత్తుల క్యాన్సర్ స్లైడ్లు చదవడం, 4వ పాఠం: నలిగిన కణాలు

ఈసారి అడినోకార్సినోమాలో (గ్రంథి కణాల క్యాన్సర్‌లో) రకాలు చెప్పాలనుకున్నాను. మూడో పాఠం చివర ఇచ్చిన స్లైడ్‌కి మీ జవాబులు చదివాక ఆగిపోయాను. దాదాపు అందరూ స్మాల్ సెల్ క్యాన్సర్ అని రాశారు. అవి లింఫోసైట్లు, అంటే తెల్ల రక్తకణాల్లో ఒక రకం. ఊపిరి గొట్టంలోంచి ముక్క తీసే బ్రాంకోస్కోపీ ఫోర్సెప్స్ మధ్య నలిగి నీలం పోగుల్లా సాగిపోయాయి, అంతే. ఆ మనిషికి క్యాన్సర్ లేదు.

గ్రంథులు, మ్యూసిన్ ఉంటే అడినో. కెరాటిన్ ముత్యాలు, కణాల మధ్య వంతెనలు ఉంటే స్క్వేమస్ క్యాన్సర్. ఇది మీకు వచ్చు, మళ్లీ చెప్పను.

స్మాల్ సెల్ కణాలు తేలిగ్గా నలుగుతాయన్నది నిజం. మీరు దాన్ని తిప్పి, నలిగిందల్లా స్మాల్ సెల్ అనుకున్నారు. నలపడం ఫోర్సెప్స్ పని, జబ్బు పని కాదు. లింఫోసైట్లూ నలుగుతాయి, నెమ్మదిగా పెరిగే కణితి కార్సినాయిడూ నలుగుతుంది. టీబీ ఇంత ఉన్న మన దేశంలో బ్రాంకస్ (ఊపిరి గొట్టం) ముక్కలో లింఫోసైట్లు గుంపుగా కనిపించడం వింతేమీ కాదు.

నేను కొత్తగా రిపోర్టులు రాసే రోజుల్లో, పలమనేరు నుంచి వచ్చిన ఒకావిడ బయాప్సీ చూసి ఇదే తప్పు చేశాను. రేపు కీమో అనగా మా పెద్ద సార్ అదే స్లైడ్ అంచున నలగని కార్సినాయిడ్ గూళ్లు చూపించారు. ఆవిడకి కావలసింది ఆపరేషన్. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అప్పటి నుంచి నలగని కణాలు పదైనా దొరకందే పేరు రాయను. ముక్క అంచుల్లో వెతకండి. దొరికాక పక్కనున్న లింఫోసైట్‌తో కొలవండి, నాకు అదే స్కేలు. స్మాల్ సెల్ న్యూక్లియస్ సాధారణంగా మూడు లింఫోసైట్ల వెడల్పుకు మించదు. సైటోప్లాజం ఉందా లేదా అన్నంత కొంచెం. న్యూక్లియస్ లోపలి పదార్థం క్రొమాటిన్ ఉప్పూ మిరియాల పొడీ చల్లినట్టు సన్నగా ఉంటుంది, అందులో ఉండే చుక్క న్యూక్లియోలస్ కంటికి ఆనదు. అన్నిటికన్నా నేను నమ్మేది న్యూక్లియస్‌లు ఒకదానికొకటి ఒత్తుకోవడం. చిత్తూరు బెల్లం ఉండలు ఆరకముందే బుట్టకెత్తితే ఒకదాని గుండ్రం ఇంకోదాంట్లోకి దిగుతుంది చూడండి, అలా. లింఫోసైట్లు అలా ఒదగవు, దేని గుండ్రం దానిదే.

తర్వాత మైటోసిస్ లెక్క, అంటే విభజన చెందుతున్న కణాలు ఎన్నో. 2 చదరపు మిల్లీమీటర్లలో 2 కన్నా తక్కువ ఉండి నెక్రోసిస్ (చచ్చిన కణజాలం) లేకపోతే టిపికల్ కార్సినాయిడ్, 2 నుంచి 10 అయితే ఎటిపికల్. స్మాల్ సెల్‌లో 10 దాటడమే కాదు, చాలాసార్లు 60 పైనే ఉంటాయి. నలిగిన చోట లెక్క కుదరదు. అక్కడ విభజనలో ఉన్న కణాలను చూపే రంగు పరీక్ష కేఐ-67 పెట్టించండి: కార్సినాయిడ్‌లో తక్కువ, స్మాల్ సెల్‌లో చాలా ఎక్కువ. లింఫోసైట్ల అనుమానం ఉంటే కెరాటిన్ (క్యాన్సర్ కణాల్లో వచ్చేది), సీడీ45 (లింఫోసైట్లలో వచ్చేది) మార్కర్లు చాలు. టీటీఎఫ్-1 అనే మార్కర్ ఒక్కటే చూసి తేల్చకండి, అది అడినోలోనూ స్మాల్ సెల్‌లోనూ వస్తుంది. మార్కర్లకే బ్లాక్ (మైనంలో పొదిగిన బయాప్సీ ముక్క) అంతా అరగదీయకండి. అడినో అని తేలితే మందు ఎంచడానికి చేసే ఈజీఎఫ్ఆర్, ఏఎల్‌కే జన్యు పరీక్షలకు కణజాలం మిగలాలి.

అభ్యాసం: మీ ల్యాబులో పాత బ్రాంకస్ బయాప్సీలు 20 తీయండి. రిపోర్టు చూడొద్దు. నలిగిన చోటల్లా మార్కర్ పెన్నుతో కప్పేసి, మిగిలినదాంట్లో ఐదు న్యూక్లియస్‌లు, పక్కన ఒక లింఫోసైట్, చేత్తో గీయండి. ఫొటోలు వద్దు, బొమ్మలే పంపండి. ఐదు దొరకని స్లైడ్‌కి ‘చెప్పలేను, ఇంకా లోతు సెక్షన్లు కావాలి’ అని రాస్తే దానికీ పూర్తి మార్కులు వేస్తాను.