'ఎంటూరేజ్' సెట్టు కొనే ముందు మీ ఇంట్లో ప్లేయర్ ఏదో చూసుకోండి

హీరో ఒకడు పైకొస్తే వాడి వెనకాలే ఎక్కి వచ్చే బ్యాచ్ ఎలా ఉంటుందో సినిమా పిచ్చి ఉన్నవాళ్లకు నేను చెప్పాల్సిన పని లేదు. అమెరికా టీవీ చానల్ హెచ్‌బీఓలో 2004 నుంచి 2011 దాకా వచ్చిన 'ఎంటూరేజ్' అనే సిరీస్ అచ్చంగా ఆ బ్యాచ్ కథే. న్యూయార్క్‌లోని క్వీన్స్ నుంచి హాలీవుడ్‌కు వెళ్లి స్టార్ అయిన విన్సెంట్ చేజ్, అతని అన్న, ఇద్దరు చిన్ననాటి దోస్తులు, వీళ్లందరినీ ఫోన్లోనే పరుగులు పెట్టించే ఏజెంట్ ఆరీ గోల్డ్. ఆ ఏజెంట్ వేషానికి జెరెమీ పివెన్‌కు 2006, 2007, 2008లో వరసగా మూడు ఎమ్మీలు (అమెరికా టీవీ అవార్డులు) వచ్చాయి, రెండు ఎపిసోడ్లు చూస్తే ఎందుకిచ్చారో మీకే తెలుస్తుంది. నేను మొదట ఒక యాప్‌లో చూసేవాణ్ణి. నాలుగో సీజన్ మధ్యలో ఉండగా ఒక రాత్రి తెరిచి చూస్తే షో మొత్తం తీసేశారు. ఆ రోజే అనుకున్నా, ఇష్టమైనదేదో డిస్కుల్లో మన ఇంట్లోనే ఉండాలని.

అందరూ ముందు రేటు చూస్తారు. నా మాట విని ముందు ప్లేయర్ చూడండి. డీవీడీలకు ప్రపంచాన్ని రీజియన్లుగా పంచారు: అమెరికాకు 1, యూరప్, జపాన్‌లకు 2, మనకు 5. ఒక రీజియన్ డిస్క్ ఇంకో రీజియన్‌కే పరిమితమైన ప్లేయర్‌లో ఆడదు. ఆన్‌లైన్లో ఈ షో ఎక్కువగా అమెరికా సెట్టు, బ్రిటన్ సెట్టు రూపంలో కనిపిస్తుంది, అంటే మన 5 నంబరు ప్లేయర్‌కు రెండూ పరాయివే. డీవీడీ కంటే బొమ్మ స్పష్టంగా ఉండే బ్లూ-రే డిస్కులకైతే అక్షరాలు: అమెరికాకు ఏ, యూరప్‌కు బీ, మనకు సీ. డిస్క్ పెట్టె వెనక చిన్న గ్లోబు బొమ్మలో ఆ నంబరో అక్షరమో ఉంటుంది, అమ్మేవాళ్లు పెట్టిన ఫోటోలో అది కనపడకపోతే అడిగి తెప్పించుకోండి. అయితే మన దగ్గర దొరికే మామూలు డీవీడీ ప్లేయర్లు చాలావరకు ఆల్ రీజియనే, అంటే ఏ నంబరు డిస్కైనా ఆడతాయి. బ్లూ-రే ప్లేయర్లు మాత్రం అంత సులభంగా లొంగవు. ప్లేయర్ కోసం నేను అనంతపురంలో టవర్ క్లాక్ దగ్గర రెండు మూడు రిపేరు షాపులు తిరిగాను. ఒకాయన అటక మీంచి దుమ్ము పట్టిన పాత ప్లేయర్ దించి, "అన్ని దేశాలవీ ఆడతాయి అన్నా, కావాలంటే నీ డిస్క్ తెచ్చి ఏసి చూసుకో" అన్నాడు. తీసుకెళ్లి వేయించుకునే కొన్నా. మీరూ అంతే చేయండి, మాట మీద కొనొద్దు.

ఇంకో రెండు సంగతులు. పాత ప్లేయర్లకు పసుపు, ఎరుపు, తెలుపు పిన్నుల వైరే ఉంటుంది, కొత్త టీవీల్లో ఆ మూడు రంధ్రాలు ఉండకపోవచ్చు, కాబట్టి షాపుకు వెళ్లే ముందు టీవీ వెనక ఫోన్‌తో ఒక ఫోటో తీసుకోండి. లాప్‌టాప్‌కు పెట్టుకునే యూఎస్‌బీ డీవీడీ డ్రైవ్ కొని నేరుగా టీవీకి పెడదామనుకుంటే మామూలుగా ఆడదు, లాప్‌టాప్ మధ్యలో ఉండాల్సిందే. ఆ డ్రైవ్‌లో రీజియన్ మార్చుకోవడానికి ఐదు సార్లే అవకాశం, ఐదోసారి పెట్టింది అలాగే ఉండిపోతుంది.

ఇప్పుడు సెట్టు. షోలో 8 సీజన్లు, 96 ఎపిసోడ్లు. కానీ విడివిడిగా కొంటే మీకు కావాల్సింది 9 పెట్టెలు. మూడో సీజన్‌లో 20 ఎపిసోడ్లుంటే దాన్ని రెండు ముక్కలు చేసి, మొదటి భాగంలో 12, రెండో భాగంలో 8 పెట్టి అమ్మారు. సెకండ్ హ్యాండ్‌లో "సీజన్ 3" అని మాత్రమే రాసి ఉంటే అది ఏ భాగమో అడగకుండా డబ్బు పంపొద్దు. ఈ సీజన్‌లోనే విన్సెంట్ జేమ్స్ కామెరాన్ సినిమా హీరోగా పెద్ద స్టార్ అయ్యేది, సగం పోతే కథే పోతుంది. ఇంకా, మొదటి సీజన్‌లోనూ చివరి సీజన్‌లోనూ ఎనిమిదేసి ఎపిసోడ్లే, ఒక్కోటి అరగంట లోపు. నాలుగు గంటలు కూడా లేని పెట్టెకు పెద్ద సీజన్ ధర పెట్టకండి. 2015లో వచ్చిన సినిమా వేరే డిస్క్, కంప్లీట్ సిరీస్ అని ఉన్నంత మాత్రాన అందులో ఉంటుందని అనుకోవద్దు. నా సలహా అడిగితే మొత్తం సెట్టే ఒకేసారి తీసుకోండి, బయటి దేశం నుంచి వచ్చే పార్సిల్ మీద కస్టమ్స్ సుంకం, జీఎస్టీ, కొరియర్ వాళ్ల చార్జీ పడతాయి, తొమ్మిది సార్లు కట్టేకంటే ఒక్కసారి నయం.

డూప్లికేట్ విషయం మాత్రం కాస్త జాగ్రత్తగా చదవండి. నేను మొదట తెప్పించిన సెట్టు కవర్ మీద అక్షరాలు జిరాక్సు తీసినట్టు మసకగా ఉన్నాయి, అయినా సరేలే అనుకున్నా. డిస్క్ తీసి ట్యూబ్‌లైట్ కింద తిప్పితే అడుగు భాగం ఊదా రంగులో మెరిసింది. కంపెనీలో అచ్చు వేసిన డిస్క్ అడుగున వెండి రంగులోనో, రెండు పొరలదైతే లేత బంగారు ఛాయలోనో ఉంటుంది. ఊదా రంగు ఇంట్లో కంప్యూటర్ డీవీడీ రైటర్‌తో కాపీ కొట్టిన డిస్క్‌ది. మధ్య చిల్లు చుట్టూ అద్దంలాంటి పట్టీ ఉంటుంది కదా, అసలు డిస్కులకు అక్కడ సన్నటి బార్‌కోడ్, నంబర్లు, ఐఎఫ్‌పీఐ అనే అక్షరాలు చెక్కి ఉంటాయి, లైటుకు అడ్డం పెట్టి చూస్తే కనిపిస్తాయి. నా డిస్కుల్లో ఆ పట్టీ ఖాళీ. ఐదో సీజన్లో ఒక ఎపిసోడ్ దగ్గర బొమ్మ గడ్డకట్టిపోయింది. పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీసుకుని ఉన్నాను కాబట్టి డబ్బు వెనక్కి వచ్చింది, లేకపోతే ఎవరూ పట్టించుకునేవాళ్లు కాదు. వీడియో తప్పకుండా తీయండి, పార్సిల్ మీద అడ్రసు కనిపించే దగ్గర నుంచి.

సబ్‌టైటిల్స్ ఉన్నాయో లేదో పెట్టె వెనక చూసుకోండి. ఆరీ మాట్లాడే వేగానికి ఇంగ్లీష్ బాగా వచ్చినవాళ్లకు కూడా అవి కావాలి. బూతులు, పడక సీన్లు ఎక్కువ, పిల్లలు, పెద్దవాళ్లు ఉన్న హాల్లో పెట్టే షో కాదిది.

చేతికొచ్చాక రిటర్న్ గడువు అయిపోకముందే ప్రతి డిస్కూ వేసి చూడండి. మొదటి ఎపిసోడ్ ఆడితే చాలనుకోవద్దు. రెండు పొరల డీవీడీలో లేజర్ మొదటి పొరను లోపలి నుంచి అంచు దాకా, రెండో పొరను అంచు నుంచి లోపలికి చదువుతుంది, అంటే వేళ్లు తగిలి గీతలు పడే అంచు భాగంలో ఉండేది మధ్య ఎపిసోడ్. అందుకే మధ్య ఎపిసోడ్‌ను ఐదు నిమిషాలు ఆపకుండా నడపండి. మరక ఉంటే మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచు వైపు నేరుగా తుడవండి, గుండ్రంగా తిప్పొద్దు. మన ఏప్రిల్, మే ఎండలకు డిస్కులను కిటికీ పక్కనో బండి డిక్కీలోనో వదిలితే వంగిపోతాయి, నేనైతే బీరువాలో బట్టల అరలో నిలబెట్టి పెట్టుకున్నా.